పండగ మామూలు: దానమా, బాకీయా?

సంక్రాంతి దగ్గర పడింది. బస్సుల్లో రైళ్ళలో సీట్లు ఎప్పుడో అయిపోయాయి, ఊరెళ్ళేవాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. ఇలాంటి టైములో పని గురించి, జీతాల గురించి మాట్లాడతానేంటి అనుకోకండి. పండగకీ వాటికీ ఉన్న సంబంధమే ఈ ఎపిసోడ్.

పోయిన వారం ఒకావిడ ఫోన్ చేశారు. హైదరాబాదులో ఉంటారు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తారు. "మా ఇంట్లో పనిచేసే అమ్మాయి పండక్కి ఐదు రోజులు ఊరెళ్తానంటోందండీ. జీతంలో ఆ ఐదు రోజులూ కొయ్యాలా? కొయ్యకపోతే అలవాటైపోతుందంటున్నారు మావారు. అసలు పండక్కి ఎంత ఇస్తే సరిపోతుంది?" అని అడిగారు. రెండు నిమిషాల్లో జవాబు చెప్పేయొచ్చు. కానీ "ఎంత ఇవ్వాలి" అన్న మాట వెనకాల ఇంకో ప్రశ్న ఉంది. మనం ఇస్తున్నది దానమా, లేకపోతే బాకీ తీరుస్తున్నామా? అది తేలితే లెక్క దానంతట అదే తేలుతుంది. అందుకని కొంచెం వెనక్కి వెళ్ళి వద్దాం.

మన దగ్గర పండక్కి ఇచ్చే డబ్బుకి ఒక మాట ఉంది కదా, మామూలు. దసరా మామూలు, సంక్రాంతి మామూలు. ఇప్పుడు మామూలు అంటే లంచం అనే అర్థమే ముందు గుర్తొస్తుంది. ఇది అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకి వచ్చిన మాట. దాని మూలం 'అమల్'. అమల్ అంటే చెయ్యడం, పని. 'ఉత్తర్వు అమలు చేశారు' అంటామే, ఆ అమలు కూడా ఇదే. ఎప్పటినుంచో అమల్లో ఉన్నది, ఆనవాయితీగా జరుగుతున్నది మామూలు. అంటే ఈ మాట పుట్టుకలోనే పని ఉంది, ఆనవాయితీ ఉంది. జాలి లేదు, దయ లేదు. ఈనాం అంటే బహుమానం. బక్షీసు అంటే ఇచ్చేవాడి ఇష్టం మీద ఇచ్చేది. మామూలు అలా కాదండీ, అది అడిగి తీసుకునేది. పోస్టుమాన్ దసరాకి గుమ్మం ముందు నిలబడి నవ్వుతూ "మామూలు" అన్నాడంటే, చెయ్యి చాచినట్టు కాదు, ఏడాదంతా మీ ఉత్తరాలు మోశానని గుర్తు చేసినట్టు.

ఇంకా వెనక్కి వెళితే పల్లెల్లో కళ్ళం ఉండేది. ఇప్పటి పిల్లలకి కళ్ళం అంటే తెలియకపోవచ్చు. కోసిన వరి కుప్పలు నూర్చి, తూర్పారబట్టి, ధాన్యం రాశి పోసే చోటు. ఆ రాశి ఇంటికి చేరకముందే అక్కడికి చాకలి వచ్చేవాడు, మంగలి వచ్చేవాడు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, నీరుకట్టు, అందరూ వచ్చేవాళ్ళు. ఒక్కొక్కళ్ళకి ఇన్ని కుంచాలు, ఇన్ని మోపులు అని కట్టుబాటు ఉండేది. దాన్ని మేర అనేవారు. తెలంగాణలో ఆయం, ఆ పనివాళ్ళు ఆయగాళ్ళు. విజయనగర రాజుల కాలం నాటి గ్రామవ్యవస్థ గురించి చదివితే పన్నెండు మంది ఆయగాళ్ళ మాట కనిపిస్తుంది. ఏడాది పొడుగునా నాగలి బాగుచేసినందుకు, బట్టలు ఉతికినందుకు, గడ్డం గీసినందుకు రోజువారీ డబ్బు లేదు. అంతా పంట మీద లెక్క. సార్వా పంట చేతికొచ్చేది సంక్రాంతి ముందే. అందుకే సంక్రాంతి అంటే లెక్కలు తీరే కాలం. పండక్కి ఆ ఇళ్ళన్నిట్లో బియ్యం ఉన్నాయంటే అది వాళ్ళు చేసిన పనికి వచ్చిన కూలే తప్ప ఎవరో పెట్టిన ధర్మం కాదు.

అలాగని పాత రోజులు బంగారం అనడం లేదు నేను. ఆ మేరలో ఎవరికెంత అన్నది నిర్ణయించేది భూమి ఉన్నవాడే. చాలీచాలకపోయినా కాదనే వీలు లేదు, ఇంకో పని ఎంచుకునే వీలూ లేదు. కులం ఏదైతే పని అదే. నిజాం ఏలుబడిలో తెలంగాణ పల్లెల్లో అయితే ఇంకా ఘోరం, ఇవ్వడం అనేది తలకిందులైంది. పండగొచ్చిందంటే గొల్లవాళ్ళు గడీకి గొర్రెల్ని తోలాలి, గీసేవాళ్ళు కల్లు కుండలు మోయాలి, కుమ్మరి కుండలు పంపాలి. అన్నీ ఉట్టినే. వెట్టి అన్నారు దాన్ని. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఏ కులం ఏం ఇచ్చుకోవాల్సి వచ్చేదో వివరంగా ఉంటుంది. పండగ పేరుతో కిందవాడి దగ్గర గుంజుకోవడం కూడా మన చరిత్రలోదే. అది మర్చిపోయి "మా తాతల కాలంలో అందరికీ పెట్టేవాళ్ళండీ" అని మాత్రం చెప్పుకుంటే సగం నిజమే చెప్పినట్టు.

వీధిబడి పంతుళ్ళ సంగతి కూడా చూడండి. దసరా వచ్చిందంటే పిల్లల చేతికి రంగు కాగితాలు అంటించిన విల్లంబులిచ్చి, ఇంటింటికీ తీసుకెళ్ళి పద్యాలు చదివించేవారు. పిల్లలకి పప్పూ బెల్లాలు, అయ్యవారికి డబ్బు. చూసేవాళ్ళకి వేడుక. అయ్యవారికి మాత్రం ఆదాయం. నాకు తెలిసిన ఒక పెద్దాయన, ఆయన తాతగారు వీధిబడి నడిపారట, ఒక మాట చెప్పారు. "దసరా నాడు మా తాత నవ్వుతూనే తిరిగేవాడు, ఇంటికొచ్చి చిల్లర లెక్కపెట్టేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు."

సరే, మేర పోయింది. కోత మిషన్లు వచ్చాయి, కళ్ళాలు పోయాయి, ధాన్యం చేలోనుంచే లారీ ఎక్కుతోంది. పనివాళ్ళు ఊళ్ళు వదిలి పట్నాలకి వచ్చారు. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పండగ లెక్కకి కొత్త పేరు పెట్టారు, బోనస్. మన దేశంలో ఇది మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మొదలైంది. 1917లో కొన్ని బట్టల మిల్లులు కార్మికులకి వార్ బోనస్ అని జీతంలో పది శాతం ఇచ్చాయి. అప్పట్లో అది యజమాని దయ. ఇస్తే ఇచ్చినట్టు, మానేస్తే మానేసినట్టు. ఆ తర్వాత సమ్మెలు జరిగాయి, ట్రిబ్యునళ్ళలో వాదనలు నడిచాయి, 1961లో బోనస్ కమిషన్ వేశారు, చివరికి 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. దయ అన్నది హక్కు కావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

ఆ చట్టంలో ఒక అంకె ఉంది, 8.33 శాతం. ఇదేం వింత అంకె అనిపిస్తుంది. వందని పన్నెండుతో భాగించండి, అదే వస్తుంది. ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. లాభం వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సిన కనీస బోనస్ అది. లాభాలు బాగుంటే 20 శాతం దాకా వెళ్ళొచ్చు. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకి వర్తిస్తుంది. ఏడాదిలో 30 రోజులు పనిచేసి ఉంటే చాలు అర్హత వస్తుంది. 2015 సవరణతో నెలకి 21,000 దాకా జీతం ఉన్నవాళ్ళని ఇందులోకి తెచ్చారు. కాకపోతే ఆ చట్టం కింద బోనస్ లెక్క కట్టింది మొత్తం జీతం మీద కాదు, 7,000 మీదో కనీస వేతనం మీదో, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 2019లో తెచ్చిన వేతనాల కోడ్‌లో కూడా ఈ 8.33, 20 శాతాలే ఉంచారు. ఇంకో సంగతి, లెక్కల సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల్లోపు బోనస్ ఇచ్చెయ్యాలి. మార్చి 31కి సంవత్సరం అయిపోతే నవంబరు ఆఖరు గడువు. ఆ ఎనిమిది నెలల లోపలే దసరా, దీపావళి వస్తాయి. అందుకే చాలా కంపెనీల్లో బోనస్ ఆ పండగలకే చేతికొస్తుంది.

మన దగ్గర పెద్ద ఉదాహరణ సింగరేణి. అక్కడ దసరా అంటే లాభాల్లో వాటా. 2024 దసరాకి వాటా 33 శాతం అన్నారు, మొత్తం 796 కోట్లు. పర్మనెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేల దాకా వచ్చింది. అదే ఏడు మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకి కూడా ఇచ్చారు, ఒక్కొక్కళ్ళకి 5,000. మొదటిసారి ఇవ్వడం మంచిదే, కాదనను. కానీ ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. బొగ్గు ఒకటే, దుమ్ము ఒకటే. చేతిలో ఉన్న కాగితం వేరు. పండగకి ఎవరికెంత వస్తుందన్నది ఎంత కష్టపడ్డారన్నదాని మీద కాక, ఏ కాగితం మీద పేరుందన్నదాని మీద ఆధారపడుతోంది.

ఇక అసలు కాగితమే లేనివాళ్ళు. మనకి ఫోన్ చేసినావిడ ఇంట్లో పనిచేసే అమ్మాయి అలాంటిదే. ఇల్లు అనేది చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ కాదు, దుకాణం కాదు. బోనస్ చట్టం గుమ్మం బయటే ఆగిపోతుంది. పండగ సెలవులకి కూడా మన రాష్ట్రంలో 1974 నాటి చట్టం ఒకటుంది. ఫ్యాక్టరీల్లో, సంస్థల్లో పండగ సెలవు నాడు పనిచేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి, లేదా ఆ రోజు కూలితో పాటు బదులుగా ఇంకో రోజు జీతంతో సెలవివ్వాలి అంటుంది. అదీ ఇళ్ళల్లోకి రాదు. ఇంటిపని చేసేవాళ్ళకి వారానికి ఒక పూర్తి రోజు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒక ఒప్పందం తెచ్చింది, 189వ నంబరు. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. కాబట్టి ఆ అమ్మాయికి బోనస్ చట్టం ఏదంటే మీ ఇంటి ఆనవాయితీయే. మీరు ఏది నిర్ణయిస్తే అది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆవిడ చెప్పిన జీతం నెలకి నాలుగు వేలు. రోజుకి నూట ముప్ఫై మూడు రూపాయలు. ఐదు రోజులు కోస్తే 667. ఆ ఇంట్లో భార్యాభర్తలు వారం రోజులుగా వాదించుకుంటున్నది 667 రూపాయల కోసం! నలుగురు కలిసి మంచి హోటల్లో భోజనం చేస్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. మరి పండక్కి ఎంత ఇవ్వాలి? చట్టం తన పరిధిలో ఉన్నవాళ్ళకి కనీసం అని చెప్పిన కొలతే వాడండి. పన్నెండో వంతు, ఒక నెల జీతం. ఆవిడకి ఇదే చెప్పాను. "ఒక నెల జీతం ఇవ్వండి, ఐదు రోజులూ కొయ్యకండి. మీ ఆఫీసులో మీకు ఇస్తున్నది కూడా అదే కదా" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అలవాటైపోతే?" అన్నారు. అలవాటు కావాలనే కదండీ చెప్తున్నది. అలవాటైనదాన్నే మామూలు అంటారు.

ఈ విషయం ఇంత పట్టించుకోవడానికి నాకో కారణం ఉంది. మా నాన్న బస్సు కండక్టరు. ముప్ఫై ఏళ్ళ పైన చేశారు. ఊరంతా పండక్కి ఇంటికొచ్చే వారం ఆయన ఇంట్లో ఉండని వారం. భోగికి ముందు రెండు రోజులు, కనుమ తర్వాత రెండు రోజులు స్పెషల్ సర్వీసులు. ఆ రోజుల్లో సెలవు అడిగినా దొరకదు, దొరకకూడదు కూడా. అందరూ సెలవు పెడితే జనం ఇళ్ళకి ఎలా చేరతారు? పండగ ఎక్స్‌ట్రా బస్సులకి ఛార్జీ ఒకటిన్నర రెట్లు తీసుకుంటే జనం కండక్టర్నే తిట్టేవారు. ఒకవైపు నిండుగా వెళ్ళి రెండోవైపు ఖాళీగా రావాలి కాబట్టి అని పైవాళ్ళు చెప్పే కారణం ఆయనకి కంఠతా వచ్చు. కానీ నిలబడి ప్రయాణం చేస్తున్నవాడికి కారణాలు ఎందుకు? తిట్లు తిని టికెట్టు కొట్టేవారు.

మా ఇంట్లో అందుకని సంక్రాంతి ముక్కనుమ నాడో, ఆ మర్నాడో వచ్చేది. క్యాలెండరులో ఎర్ర అంకె ఒకటి, మా అమ్మ లెక్క ఒకటి. "నాన్న డ్యూటీ దిగిన రోజే పండగ" అనేది. కొత్త బట్టలు అప్పుడే కట్టుకునేవాళ్ళం. వీధిలో పిల్లలందరూ కొత్త బట్టలు మాపేసి పాతవి వేసుకున్న రోజున మేం కొత్తవి వేసుకుని బయటికి వస్తే, "మీ పండగ లేటు బస్సెక్కి వచ్చిందా" అని ఎదురింటి తాతయ్య ఎప్పుడూ అదే జోకు వేసేవారు.

ఒక ఏడాది భోగి ముందు రాత్రి సర్వీసులో ఒక ముసలమ్మ నాన్న చేతిలో కాగితం పొట్లం పెట్టిందట. కూతురింటికి పట్టుకెళ్తున్న అరిసెల్లోంచి తీసి కట్టింది. "టికెట్టు డబ్బులియ్యమ్మా" అంటే, "డబ్బులూ ఇస్తాను గానీ ముందు ఇవి తిను నాయనా, పండగ పూట నీకెవరు పెడతారు" అందట. ఆయన ఈ సంగతి చాలాసార్లు చెప్పేవారు. ఉద్యోగంలో అందుకున్న బోనస్‌లు ఏ ఏడు ఎంతో ఆయనకి గుర్తు లేదు. ఆ పొట్లంలో మూడు అరిసెలున్నాయని గుర్తుంది.

రిటైరయ్యాక మొదటి సంక్రాంతికి అమ్మ చేత ఒక డబ్బా అరిసెలు ఎక్కువ చేయించి, రాత్రి పదింటికి బస్టాండుకి తీసుకెళ్ళారు. డ్యూటీలో ఉన్న డ్రైవర్లకి, కండక్టర్లకి, ఊడ్చేవాళ్ళకి పంచి వచ్చారు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "చేసేదాన్ని నేను, పంచేది మీరు, పేరు మీది. బాగానే ఉంది" అంది. మర్నాటి ఏడు నుంచి పాకం దగ్గర నిలబడ్డం నాన్న వంతైంది.

అమ్మ అన్నది తమాషాకే అయినా అందులో పెద్ద విషయమే ఉంది. ఇంట్లో పండగ అంటే ఎవరి పని? అరిసెలు ఎప్పుడైనా చేశారా మీరు? బియ్యం ముందు రోజే నానబెట్టాలి. నీళ్ళు వార్చి, తడి ఆరకుండానే పిండి కొట్టించాలి. మిల్లు దగ్గర పండగ ముందు ఎంత వరసో మీకు తెలుసు. బెల్లం పాకం ఉండకట్టే దాకా రావాలి, ఒక నిమిషం ముదిరినా అరిసె రాయి అయిపోతుంది, ఒక నిమిషం ముందు దింపినా నూనెలో విచ్చిపోతుంది. పాకంలో పిండి పోసేవాళ్ళు ఒకళ్ళు, కలిపేవాళ్ళు ఒకళ్ళు కావాలి. చెయ్యి నొప్పెడుతుంది, ఆపకూడదు. తర్వాత ఒత్తడం, వేయించడం, చెక్కల మధ్య పెట్టి నూనె పిండడం. ఇది ఒక్క మనిషి చేసే పని కాదు. కానీ చాలా ఇళ్ళల్లో ఒక్క మనిషే చేస్తోంది, మిగతావాళ్ళు హాల్లో టీవీలో కోడిపందేలు చూస్తూ "ఇంకా కాలేదా" అంటున్నారు.

2019లో జాతీయ గణాంక కార్యాలయంవాళ్ళు దేశమంతా ఒక సర్వే చేశారు, జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారని. ఇంట్లో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ 97 కూడా ఇంటిపని చేస్తామని చెప్పిన మగవాళ్ళ సగటే సుమా, అసలు చెయ్యనివాళ్ళని ఆ లెక్కలో కలపలేదు. పండగ రోజుల లెక్క మీ ఇంట్లో మీరే వెయ్యొచ్చు, పెద్ద కష్టం కాదు. పనమ్మాయికి ఐదు రోజులు సెలవివ్వడానికి ఇంట్లో ఇంత గొడవ ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. ఆ అమ్మాయి వెళితే గిన్నెలు ఎవరి నెత్తిన పడతాయి? ఇంటావిడ నెత్తినే. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య గొడవలా కనిపిస్తుంది. నిజానికి గిన్నె ముట్టుకోని మూడో మనిషి గురించిన గొడవ అది. ఫోన్ చేసినావిడకి నేను ఇది కూడా చెప్పాను. "అలవాటైపోతుందని మీవారు అన్నారు కదా, ఆ ఐదు రోజులూ గిన్నెలు ఆయన్ని కడగమనండి, అదీ అలవాటవుతుంది" అన్నాను. గట్టిగా నవ్వారు.

సంక్రాంతిలో నాకు బాగా నచ్చే రోజు కనుమ. ఏడాదంతా నాగలి లాగిన పశువుకి ఆ రోజు సెలవు. కడిగి, కొమ్ములకి రంగేసి, మెడలో గంటలు కట్టి, పొంగలి పెడతారు. కాడి కట్టరు, బండి కట్టరు. పని చేసినవాడికి విశ్రాంతి, తిండి, గౌరవం, మూడూ ఒకే రోజున. ఇంత చక్కని ఆలోచన మన పండగలోనే ఉంది. మరి ఆ ఎద్దుని కడిగిన పాలేరుకి కనుమ ఎప్పుడు? ఎద్దుకి సెలవున్న రోజున కూడా దాన్ని కడిగే పని, రంగులేసే పని అతనిదే. ఇప్పటి పాలేర్లు వేరే బట్టల్లో ఉన్నారు, అంతే తేడా. హైదరాబాదు అపార్టుమెంట్లు సంక్రాంతికి ఖాళీ అవుతాయి. దొంగతనాలు జరుగుతాయి, జాగ్రత్తగా ఉండండని పోలీసులు ఏటా చెబుతారు. అంటే వాచ్‌మన్‌కి పని పెరిగేది సరిగ్గా పండగప్పుడే. యాభై ఫ్లాట్లకి తాళాలు, కింద ఒక్క గదిలో ఆ కుటుంబం. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరితే టీవీలు చూపిస్తాయి. ఆ బూతుల్లో, ఆ లైన్లలో నిలబడి కార్లని పంపించేవాళ్ళకి కూడా ఎక్కడో ఒక ఊరు ఉంది, ఎదురుచూసే అమ్మ ఉంది. తెచ్చిచ్చే యాప్‌లవాళ్ళ సంగతైతే ఇంకా తిరకాసు. పండగ రోజు ఎక్కువ డబ్బు వస్తుందంటారు, ఎప్పుడు? ఇంటికి వెళ్ళకుండా బండి తోలితే.

పాత బట్టల సంగతి కూడా చెప్పాలి. గంగిరెద్దులవాళ్ళు వస్తే పాత చీర, పాత పంచె ఇవ్వడం మన ఆనవాయితీ. ఎద్దు మీద ఆ బట్టలన్నీ రంగురంగులుగా కప్పి తిప్పుతారు, చూడ్డానికి బాగుంటుంది. అందులో తప్పు లేదు, వాళ్ళే అడుగుతారు. కానీ పనమ్మాయికి పండగ పేరు చెప్పి బీరువా ఖాళీ చేసి ఇచ్చి, అదే మామూలు అనుకుంటే మాత్రం ఒప్పుకోను. బీరువా సర్దుకోవడం మన అవసరం. ఢిల్లీలో అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన గూంజ్ అనే సంస్థ ఇదే మాట అంటుంది. ఊళ్ళో జనం చెరువు పూడిక తీసుకుంటారు, బావి తవ్వుకుంటారు, రోడ్డు వేసుకుంటారు. ఆ పనికి ప్రతిఫలంగా సంస్థ బట్టలు ఇస్తుంది. అదే బట్ట, కానీ తీసుకునేవాళ్ళు తల వంచుకోనక్కర్లేదు.

హరిదాసుని చూడండి. నెల రోజులు తెల్లవారకముందే తల మీద అక్షయపాత్ర పెట్టుకుని, కీర్తన పాడుకుంటూ వీధి వెంట వెళ్ళిపోతాడు. గుమ్మం ముందు ఆగి అడగడు. మీరే వెళ్ళి ఆ పాత్రలో బియ్యం పొయ్యాలి, ఆయన కొంచెం వంగుతాడు, అంతే. ఇప్పుడు కొందరు మోటారు సైకిల్ మీద మైకు పెట్టుకుని వస్తున్నారు, దానికీ వెక్కిరించేవాళ్ళున్నారు. కాలనీలు ఎంత పెద్దవయ్యాయో, నడిస్తే ఎన్ని ఇళ్ళు తిరగగలడో వాళ్ళు లెక్కేసుకున్నట్టు లేదు.

ఇంకో ముక్క, ఇది కొందరికి కోపం తెప్పించొచ్చు. కొత్త అల్లుడు పండక్కి వస్తున్నాడంటే మన లెక్కలు ఎలా ఉంటాయి? బట్టలు, బంగారం, బండి, వందల రకాల పిండివంటలతో విస్తరి, దాన్ని ఫోటో తీసి పేపర్లకివ్వడం. అప్పు చేసైనా సరే. అల్లుడు మన ఇంట్లో ఒక్క గిన్నె కడగలేదు, కడగమనీ అనం. అక్కడ "అలవాటైపోతుంది" అనే భయం ఎవరికీ రాదు. గిన్నెలు కడిగే అమ్మాయి దగ్గరికొచ్చేసరికి 667 రూపాయలకి కాలిక్యులేటర్ బయటికొస్తుంది. అల్లుడికి పెట్టొద్దని నేననను, ప్రేమ ఉంటే పెట్టుకోండి. కాలిక్యులేటర్ రెండు చోట్లా తీయండి, లేకపోతే రెండు చోట్లా లోపల పెట్టండి.

ఇక ఆచరణలో రెండు మూడు సంగతులు. డబ్బు ఎప్పుడిస్తున్నాం అన్నది ఎంత ఇస్తున్నాం అన్నదానికి తక్కువేం కాదు. భోగి నాడు సాయంత్రం ఇస్తే వాళ్ళు బట్టలు ఎప్పుడు కొనాలి, బస్సు ఎప్పుడెక్కాలి? పండక్కి వారం పది రోజుల ముందే ఇవ్వండి. జీతంలో అడ్వాన్సు ఏమైనా ఉంటే అది ఈ డబ్బులోంచి పట్టుకోకండి, అది వేరే లెక్క, వేరే నెలలో చూసుకోండి. సెలవు ఎన్ని రోజులో ముందే కూర్చుని మాట్లాడుకోండి. "వెళ్ళిరా, కానీ తొందరగా రా" అని వదిలేస్తే వాళ్ళకీ భయమే, మీకూ చిరాకే. ఆ అమ్మాయి మూడిళ్ళల్లో చేస్తుంటే మిగతా రెండిళ్ళవాళ్ళతో కూడా ఒక మాట అనుకోండి, ఒక ఇంటివాళ్ళు వెళ్ళమని ఇంకో ఇంటివాళ్ళు వద్దంటే ఆమె వెళ్ళలేదు. అపార్టుమెంటు వాచ్‌మన్‌కి అయితే తలా వంద వేసుకోవడం దగ్గర ఆగిపోకండి. ఈ ఏడు పండక్కి ఆయన ఊరెళ్ళాలనుకుంటున్నాడేమో అడగండి, వెళతానంటే ఆ నాలుగు రోజులకి బదులు మనిషిని పెట్టి, ఆ ఖర్చు అసోసియేషన్ భరించాలి. మా బ్లాకులో దీని మీద రెండు మీటింగులు అయ్యాయి, ఇంకా తేలలేదు. మూడోది ఈ ఆదివారం.

ఫోన్ చేసినావిడ నిన్న మళ్ళీ మెసేజ్ పెట్టారు. నెల జీతం ఇచ్చేశారట, సెలవు ఆరు రోజులైందట, ఎందుకంటే ఐదో రోజుకి బస్సు టికెట్టు దొరకలేదు. మీ ఇళ్ళల్లో లెక్క ఎలా ఉందో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కౌలు రైతుల పండగ గురించి, కౌలు ధాన్యం కొలిచి ఇచ్చేశాక వాళ్ళ గాదెలో ఏం మిగులుతుందో మాట్లాడుకుందాం.